సూది తెలియని వేలు

పెద్ద వరద వచ్చి వీధిలో నడుం లోతు నీళ్ళు నిలిచిన ఏడాదికి నాలుగో ఏడు ఇది జరిగింది. ఆ వీధివాళ్ళు పెళ్ళిళ్ళూ పురుళ్ళూ చావులూ అన్నీ ఆ వరదనుంచే లెక్కపెడతారు.

కుట్టు మేస్త్రి కొట్టు వీధి మలుపులో మేడకి కింది గది. వెనక వంటగది, పక్కన పడకగది. కొట్టూ అదే, ఇల్లూ అదే. ఆయన్ని అందరూ గుండీ మేస్త్రి అంటారు. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడే గాని ఆ పేరు అందుకు రాలేదు. నోటికి ఎప్పుడూ గుండీ పెట్టుకున్నట్టు ఉంటాడని వచ్చింది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని కొలతలు తీస్తాడు. పనయ్యాక సూదులు తీసేస్తాడు, మాట మాత్రం బయటికి రాదు. ఆ కొట్లో మాటల పనంతా భార్యది. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, అంచులు మడిచి చేత్తో కుట్టడం కూడా ఆవిడదే. అందుకని వీధికి ఆవిడ కాజాలమ్మ.

వరద రోజున మిషన్లు బల్లలెక్కాయి, గుడ్డ తానులు అటకెక్కాయి, కాజాలమ్మ మాత్రం మేడ ఎక్కలేకపోయింది. మనిషి బాగా భారీ. మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. నలుగురు మగవాళ్ళు కుర్చీలో కూచోబెట్టి మోశారు. కొన్ని మెట్లెక్కడం, దించి ఊపిరి పీల్చుకోవడం. వాళ్ళలో ఒకడు రొప్పుతూనే, "మేస్త్రీ, ఈవిడ కొలత తియ్యాలంటే టేపుకి టేపు అతుకేస్తావా?" అన్నాడు. అందరూ నవ్వారు. కాజాలమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. మేడమీదికి చేరాక గోడవైపు తిరిగి కూచుని, నీళ్ళు తీసేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మేస్త్రి అది చూశాడు. వెళ్ళి పక్కన కూచున్నాడు.

గోడల మీద బురద గీత ఎండిపోయాక ఒకరోజు ఆవిడ కాజా కుడుతూ, తలెత్తకుండా అంది.

"ఏమయ్యా, కడుపు చిన్నది చేస్తారట. పెద్దాసుపత్రిలో. చెల్లి కనుక్కొచ్చింది."

మేస్త్రి మిషను ఆపాడు. "కోస్తారా?"

"కోసి కుడతారు. ఎక్కువున్న గుడ్డ తీసేసి టక్కు పెట్టమా మనం? అంతే."

"ఎందుకే?"

"నా కాళ్ళతో నేను మేడెక్కాలి. మనిషి నలుగురి భుజాల మీద ఒక్కసారే వెళ్ళాలంటారు. నా వంతు ముందే వాడేసుకున్నాను."

మేస్త్రికి నవ్వొచ్చింది, భయమూ వేసింది. సరే అన్నాడు.

కోత బాగానే జరిగింది. ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి నిదానంగా చెప్పింది. మేస్త్రీ విన్నాడు, కాజాలమ్మా వింది, బస్సు స్టేషన్లో టికెట్లిచ్చే మరదలు కూడా వింది.

"కడుపు మేం చిన్నది చేశామమ్మా. ఒంటి అవసరాలు చిన్నవి కాలేదు. ఇకమీదట తిన్నదాంట్లో కొన్ని సత్తువలు మీ ఒంటికి పట్టవు. అందుకని ఈ బిళ్ళలు జీవితాంతం వేసుకోవాలి. రక్తపరీక్ష మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి. ఆ తర్వాత ఏటా ఒకసారి. ఒంట్లో బాగాలేకపోతే రమ్మనడం లేదు నేను. బాగున్నప్పుడే రమ్మంటున్నాను."

"మా అక్కని నేను తీసుకొస్తాను డాక్టరుగారూ," అంది మరదలు. "మా బావ నోరు తెరిచి ఇదీ పని అని చెప్పేలోపు మీ ల్యాబ్ మూసేస్తారు."

మొదటి ఏడంతా అలాగే వెళ్ళారు. ల్యాబ్ ఆసుపత్రి వెనక ఇరుకు గది. బయట గోడకి ఆనించి ఒక బల్ల. పరగడుపున వచ్చినవాళ్ళంతా ఆవులిస్తూ దానిమీద కూచునేవాళ్ళు. రక్తం తీసేది ఒక బట్టతల మనిషి. నోటిదురుసు లేదు గాని హాస్యం పాలు ఎక్కువ.

"సూదంటే భయమా అమ్మా?" అన్నాడు మొదటిసారి.

"నేను పొద్దస్తమానం సూదితోనే కాపురం చేస్తాను నాయనా. నీ సూదే నన్ను చూసి భయపడాలి," అంది కాజాలమ్మ.

అప్పట్నించీ ఆవిడ వస్తే చాలు, "వచ్చారమ్మా పెద్ద సూదిగారు" అనేవాడు. మూడుసార్లూ పరీక్షలు బాగున్నాయన్నారు. బాగున్నాయనే మాట మూడుసార్లు వింటే నాలుగోసారి వినడానికి అంత దూరం వెళ్ళాలనిపించదు. మనిషి బుద్ధి అంతే.

ఇంట్లో మేస్త్రి పరీక్ష వేరే ఉండేది. నెలకోసారి ఆవిణ్ణి వెలుతురులో నిలబెట్టి టేపు పట్టేవాడు. నడుం, భుజం, చంక చుట్టు. నెలనెలా టేపు చుట్టు తగ్గుతూ వచ్చింది. ఆ నెలకి తగ్గట్టు గౌన్లు విప్పి, లోపలికి మడిచి మళ్ళీ కుట్టేవాడు. ఎవరికి ఏ బట్ట కుట్టినా అంత ఇష్టంగా కుట్టలేదు. కాజాలమ్మ వంగి తన బూటు లేసు తనే కట్టుకున్న రోజున ఇద్దరూ పని మానుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చారు. మేడ మెట్లెక్కి బట్టలారేసిన రోజున ఆవిడ పైనుంచి, "ఏమయ్యా, కిందున్నవాళ్ళంతా చీమల్లా ఉన్నారు" అని అరిచింది. అది చెప్పుకోదగ్గ ఎత్తేం కాదు. అయినా మేస్త్రి గుమ్మంలోకొచ్చి తలెత్తి చాలాసేపు చూశాడు.

రెండో ఏడాది పరీక్షకి ఆసుపత్రినుంచి ఫోనొచ్చేసరికి బడులు తెరిచే రోజులు. యూనిఫారాల గుడ్డలు మోకాలెత్తు గుట్టలు పడి ఉన్నాయి. కాజాలమ్మ ఫోను చెవికి ఆనించుకుని, "పరీక్షకి రమ్మంటున్నారయ్యా, ఏం చెప్పను?" అంది.

మేస్త్రి నోట్లో సూదులున్నాయి. తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాడు. ఊపినవాడు ఊరుకోలేదు, లేచి టేపు తీసి ఆవిడ నడుం చుట్టూ పట్టాడు. పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. భుజాలూ సరిగ్గా ఉన్నాయి. సూదులు తీసి, "బాగుంది" అన్నాడు.

"మా ఆయన పరీక్ష చేసేశాడమ్మా," అంది కాజాలమ్మ ఫోన్లో నవ్వుతూ. "బాగుందట. బడి బట్టల పని కాగానే వస్తాం."

అవతలి అమ్మాయి నవ్వలేదు. తప్పకుండా రమ్మని పెట్టేసింది.

బడి బట్టలయ్యాయి. తర్వాత చలికోట్లు పడ్డాయి. మళ్ళీ ఫోనొచ్చింది, మళ్ళీ వస్తామన్నారు. ఆ బిళ్ళలు వేసుకుంటే తేన్పులొస్తున్నాయని కాజాలమ్మ రోజు విడిచి రోజు వేసుకోసాగింది. అవీ అయిపోయాక తెచ్చుకోలేదు. మేస్త్రిని అడిగితే కాసేపు ఆలోచించి, "కోటు చిన్నదైతే గుండీలూ తక్కువే పడతాయి" అన్నాడు. ఆయనకి అది పనిలో తేలిన నిజం. ఆవిడకీ సబబుగానే తోచింది.

మరదలు మాత్రం వచ్చినప్పుడల్లా రుసరుసలాడేది.

"బావా, నీ టేపు చర్మం దాకానే పోతుంది, లోపలికి పోదు. డాక్టరమ్మ చెప్పింది గోడకి చెప్పిందా?"

"కుట్టు ఊడితే కుడదాం," అన్నాడు మేస్త్రి.

"ఊడాక కుట్టడానికి ఇది చొక్కా కాదు, నా అక్క."

"నువ్వూరుకోవే, ఉక్కుముక్కలా ఉన్నాను," అని కాజాలమ్మ చెల్లెలి నోరు మూయించింది. నిజంగా అలాగే కనపడేది. మొహంలో కళ వచ్చింది. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు ఏం తింటున్నావని అడిగేవాళ్ళు. ఏమీ తినకపోవడమే తింటున్నానని జవాబు చెప్పేది.

ఆ చలికోట్ల రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆవిడ ఎడమ చూపుడువేలు ఎత్తి చూసుకుంది. వేలి కొసలో సూది దిగి ఉంది. చిన్న రక్తపు బొట్టు. ఆవిడ నొప్పి మొహం పెట్టలేదు, ఆశ్చర్యంగా చూస్తోంది.

"ఏమయ్యా, ఇటు చూడు. గుచ్చుకున్నట్టే తెలియలేదు. వేళ్ళ కొసలు మొద్దుబారినట్టున్నాయి ఈ మధ్య."

కుట్టుపని చేసేవాళ్ళలో ఒక మాట ఉంది. నేర్చుకునేవాడి వేలు సూదికి ఉలిక్కిపడుతుంది. ఏళ్ళు గడిచి వేలు కాయకాసి, సూది దిగినా తెలియని రోజున వాడు పనివాడైనట్టు. మేస్త్రికి ఆ మాట తన గురువు చెప్పాడు. ఆ రోజు ఆయన తన వేలుకేసి చూసుకుని ఎంత పొంగిపోయాడో ఆయనకే తెలుసు. ఇప్పుడు భార్య వేలు పట్టుకుని సూది లాగి, బొటనవేలితో రక్తం తుడిచాడు.

"ఇన్నాళ్ళకి దర్జీవయ్యావే," అన్నాడు. అని నవ్వాడు కూడా.

కాజాలమ్మ మొహం దీపం పెట్టినట్టయింది. ఆ వారమంతా కొట్టుకొచ్చినవాళ్ళందరికీ వేలు చూపించింది. "మా ఆయన ఒప్పుకున్నాడు, నేను దర్జీనేనట. సూది గుచ్చి చూడండి కావాలంటే." పాలు పోసే మనిషి నిజంగానే గుచ్చబోయాడు. అందరూ నవ్వుకున్నారు.

ఆ మొద్దుతనం వేళ్ళనుంచి అరచేతిలోకి పాకింది. కాళ్ళలోనూ మొదలైంది. వీధిలో నడుస్తుంటే చెప్పు ఎక్కడో ఊడిపోయేది, ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేది. "బరువు తగ్గితే కాళ్ళూ తగ్గాయి, చెప్పులు వదులైపోయాయి" అంది. మేస్త్రి చెప్పుల పట్టీలు బిగించి కుట్టాడు. ఆ తర్వాత కాజాలు వంకరపోవడం మొదలైంది. ఒక కాజా పొడుగు, ఒకటి పొట్టి, దారం ముడులు పడేది. ఆవిడ వంటగదిలోకి వెళ్ళినప్పుడు మేస్త్రి ఆ కాజాలు విప్పి, తనే కుట్టి, ఆవిడ పెట్టిన చోటే మడతపెట్టి ఉంచేవాడు. కళ్ళు ఆనడం లేదేమో అనుకున్నాడు. వయసనుకున్నాడు. ఆవిడకి చెబితే చిన్నబోతుందనుకున్నాడు. ఆవిడ మర్నాడు ఆ కాజాలు చూసుకుని, "పర్లేదు, చెయ్యింకా పోలేదు" అని మురిసిపోయేది.

చలి వెళ్ళింది, బడి బట్టలు మళ్ళీ వచ్చి వెళ్ళాయి. మరదలు ఒకరోజు వీధి చివరినుంచి అక్క నడక చూసింది. లోపలికొచ్చి, "అక్కా, ఏంటి ఆ నడక? పడవలో నిలబడ్డట్టు కాళ్ళు ఎడం పెట్టి నడుస్తున్నావు," అంది.

"దూది మీద నడుస్తున్నట్టుంది. ఒళ్ళు తేలికైంది కదా."

"తేలికైతే ఎగరాలిగాని తూలుతావేంటి?"

ఆ మర్నాడే పొద్దున్న కాజాలమ్మ పెరటి కుళాయి దగ్గర మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంది. మూసుకున్నది మూసుకున్నట్టే నిలువునా పక్కకి పడిపోయింది. మేస్త్రి పరుగెత్తి లేవదీశాడు. సబ్బు కళ్ళలో పడి ఆవిడ చూడలేకపోతోంది.

"నేల ఏమైందయ్యా?" అంది. "కళ్ళు మూసుకునేసరికి కాళ్ళ కింద నేల లేదు."

ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, డాక్టరమ్మ ఆవిడ నడక చూసింది. మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. కాలి బొటనవేలు పట్టుకుని పైకి వంచింది. "పైకి వంచానా, కిందికా?" కాజాలమ్మ చెప్పలేకపోయింది. "అసలు పట్టుకున్నారా అమ్మా?" అంది. మేస్త్రి ఆ వేలుకేసి చూస్తూ నిలబడ్డాడు. డాక్టరమ్మ పట్టుకునే ఉంది.

రక్తం తీసుకెళ్ళారు. సాయంత్రానికి ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. నరాలకి కావలసిన విటమిను ఒకటి ఒంట్లో అడుగంటిపోయింది. అది ఒక్కరోజులో అయిపోదు. కోతకి ముందు ఒంట్లో నిలవున్నది కొన్నాళ్ళు కాస్తుంది. ఆ నిలవ తరిగిపోతున్నప్పుడు మనిషికి ఏమీ తెలియదు. తింటారు, తిరుగుతారు, బాగానే ఉంటారు. రక్తంలో మాత్రం ముందే తెలుస్తుంది.

మేస్త్రికి విటమిను సంగతి అర్థం కాలేదు. నిలవ సంగతి అర్థమైంది. మిషను కింద బాబిన్లో దారం అయిపోయినా మిషను ఆగదు. సూది దిగుతూనే ఉంటుంది, గుడ్డ జరుగుతూనే ఉంటుంది, చప్పుడూ మారదు. చివర గుడ్డ తీసి చూస్తే కుట్టుండదు, వరసగా చిల్లులుంటాయి. అందుకే పొడుగు కుట్టు మొదలెట్టే ముందు ఏ కుట్టుపనివాడైనా పలక జరిపి బాబిన్ చూసుకుంటాడు. ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూసుకోకుండా కుట్టు మొదలెట్టలేదు.

"సూదిమందు ఈ రోజే మొదలెడదాం," అంది డాక్టరమ్మ. "కొత్తగా వచ్చిన మొద్దుతనమైతే చాలావరకు తిరిగొస్తుంది. పాతబడితే నరం ఎండిపోతుంది, రాదు. ఎన్నాళ్ళనుంచమ్మా వేళ్ళు ఇలా ఉన్నాయి?"

మేస్త్రికి చలికోట్లు గుర్తొచ్చాయి. ఆ వేలు, ఆ రక్తపు బొట్టు గుర్తొచ్చాయి. అప్పట్నించి ఎనిమిది తొమ్మిది నెలలైంది. ఆయన నోరు తెరవబోయాడు.

"ఈ మధ్యేనమ్మా," అంది కాజాలమ్మ. "బడి బట్టలయ్యాక. రెండు నెలలు కూడా కాలేదు."

డాక్టరమ్మ మొహం తేటపడింది. "అయితే అదృష్టవంతులు. త్వరగానే వచ్చారు."

మరదలు ఏడుస్తూ అక్కని కావలించుకుంది. మేస్త్రి భార్యకేసి చూశాడు. ఆవిడ ఆయనకేసి చూడలేదు. దుప్పటి అంచు వేళ్ళతో తడుముతోంది, దొరక్క చూపుతో వెతుక్కుంటోంది.

సూదిమందు రోజూ, తర్వాత వారానికోసారి, తర్వాత నెలకోసారి. ల్యాబ్ బల్ల మీద మళ్ళీ కూచోవడం మొదలైంది. బట్టతలాయన మొదటిరోజు "వచ్చారమ్మా" అని మొదలుపెట్టి ఆవిడ నడక చూసి మిగతాది మింగేశాడు. మరదలు వారంవారం వచ్చి అక్క కళ్ళు మూయించి, వేళ్ళ మధ్య ఒక గుండీ పెట్టి, "ఏంటిది చెప్పు?" అని అడిగేది. మొదట్లో కాజాలమ్మ ఊహించి చెప్పేది. కొన్ని సరిపోయేవి. ఆ రోజు మరదలు మిఠాయి తెచ్చేది. తర్వాత్తర్వాత ఆవిడ, "ఎందుకే ఈ ఆటలు" అని చెయ్యి వెనక్కి తీసుకునేది. బావని దెప్పడం మరదలు ఎప్పుడో మానేసింది. అది మేస్త్రికి దెప్పడం కన్నా కష్టంగా ఉండేది.

మందు మొదలెట్టి ఏడాది కావస్తుండగా డాక్టరమ్మ ఫలితాలు ముందుంచుకుని కూచుంది.

"రక్తంలో ఆ విటమిను నిండా ఉందమ్మా. అన్నీ చక్కగా ఉన్నాయి. మరి చెయ్యి ఎందుకు రాలేదు?" అని ఆవిడ తనలో తను అన్నట్టే అంది. "రెండు నెలల మొద్దుతనమైతే ఈపాటికి రావాలి. మరోసారి గుర్తు తెచ్చుకోండి. ఎప్పుడు మొదలైంది?"

"చెప్పాను కదమ్మా. బడి బట్టలయ్యాకే."

డాక్టరమ్మ మేస్త్రి వైపు తిరిగింది. మేస్త్రి నేలకేసి చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ కాసేపు ఆయన్నే చూసి ఇంక అడగలేదు. కాగితాలు పక్కన పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఇంతవరకు వచ్చిందే వచ్చింది. ఇంకా వస్తుందని నేను చెప్పను. వేళ్ళు ఇలాగే ఉంటాయి. నడకా ఇలాగే ఉంటుంది, చీకట్లో ఒంటరిగా లేవకండి. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి మనం. రక్తపరీక్ష మాత్రం మానొద్దు. ఇనుముదీ ఎముకదీ ఈసారి చూడాల్సి ఉంది. రేపు పరగడుపున రండి."

ఇంటికొచ్చేదాకా కాజాలమ్మ మాట్లాడలేదు. మేస్త్రికి ఆ నిశ్శబ్దం కొత్త. ఆ ఇంట్లో నిశ్శబ్దం ఎప్పుడూ ఆయనదే.

సాయంత్రం వెలుతురు ఇంకా ఉంది. ఆవిడ కొట్లో తన పాత చోట, కిటికీ పక్క కుర్చీలో కూచుంది. మేస్త్రి ఎదురుగా పీట మీద కూచున్నాడు.

"నేను రేపు రాను," అంది.

మేస్త్రి తలెత్తాడు.

"ఎందుకు రావాలయ్యా? రక్తం బాగుందంటారు, చెయ్యి పోయిందంటారు. రక్తంతో కాజాలు కుడతానా? ఇక చాలు. ఎవరి కోసం ఈ పరీక్షలు?"

మేస్త్రి పీట కాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"డాక్టరమ్మకి అబద్ధం ఎందుకు చెప్పావే?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"నా మీద కేకలేస్తుందనా?" అన్నాడు. "నేనే కదా అన్నాను. దర్జీవయ్యావని. ఆ రోజే తీసుకెళ్ళుంటే..."

"అన్నావు," అంది కాజాలమ్మ. "కొత్త పెళ్ళికూతురుగా ఈ కొట్లోకొచ్చి సూది పట్టాను. ఎన్ని కోట్లు కుట్టుంటాను నీతో కలిసి. ఎన్ని కాజాలు. బాగుందని ఒక్కరోజు అన్నావా? అనవని నాకు తెలుసు. నీ నోరు అంతే, నీ మనసు అది కాదు. అయినా ఆడదాన్ని, చెవులుంటాయిగా, ఎదురుచూస్తాయి. ఆ రోజు అన్నావు. ఇన్నాళ్ళకి దర్జీవయ్యావే అని నవ్వావు. నా బతుకులో నువ్విచ్చిన మెప్పు అదొక్కటే."

గుక్క తిప్పుకుంది.

"డాక్టరమ్మ ఎప్పట్నించని అడిగింది. నిజం చెబితే ఆ రోజు చెప్పాలి. ఆ మాట చెప్పాలి. ఆవిడ దాన్ని జబ్బంటుంది. తప్పంటుంది. ఆవిడన్నదే నిజం, నాకు తెలియదా? కానీ అది కూడా ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేం మిగుల్తుంది చెప్పు."

మేస్త్రి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే కూచున్నాడు. నువ్వు కుట్టిన కాజా నేను కుట్టలేనే అని చెప్పాలనుకున్నాడు. అది నిజం. పెళ్ళయిన మూడో ఏడే ఆయనకి ఆ సంగతి తెలిసింది. గిరాకీలు కోటు అందుకుని కాజాల మీద వేలితో రాసి చూసుకునేవాళ్ళు, ఆయన కుట్టిన భుజం ఎవరూ చూసేవాళ్ళు కాదు. అదంతా లోపల వరసగా ఉంది. పైకి తీసుకురావడం చేతకాలేదు. ఇప్పుడంటే జాలికి అన్నాడనుకుంటుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడు అని ఉన్నా నిజమే అనుకునేది. ఆ వేళ దాటిపోయింది.

"రేపు పరగడుపున వెళ్ళాలి," అన్నాడు చివరికి.

కాజాలమ్మ ఆయనకేసి చూసింది. నవ్విందో ఏడ్చిందో తెలియదు. "నీ నోట్లోంచి అంతకన్నా రాదులే," అంది. "నువ్వు వెళ్ళు. నేను రాను."

మర్నాడు తెల్లవారాక మేస్త్రి లేచి స్నానం చేశాడు. కొట్టు తలుపు తియ్యలేదు. ఆవిడ మంచం అంచున కూచుని ఉంది, రానని మళ్ళీ చెప్పింది. ఆయన వాదించలేదు. ఆవిడ గౌను మార్చాడు, వెనక హుక్కులు పెట్టాడు, జుట్టు దువ్వాడు. పాపిడి వంకరపోతే మళ్ళీ దువ్వాడు. తర్వాత నేలమీద బాసింపట్టు వేసుకుని కూచుని ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక మేజోడు తొడిగాడు, బూటు తొడిగాడు. లేసు మరీ బిగిస్తే ఆవిడకి తెలియదు గనక, బూటుకీ కాలికీ మధ్య తన వేలు పెట్టి చూసి ముడి వేశాడు. కాజాలమ్మ కిందికి వంగి చూస్తోంది. ఏ కాలికి తొడిగాడో చూస్తేగాని ఆవిడకి తెలియదు.

"ఇంకోటి," అంది చాలాసేపటికి. రెండో కాలు ఆవిడే ముందుకి జరిపింది.

ఆయన రెండో బూటు తొడిగి, లేచి, ఆవిడ చంక కింద చెయ్యి వేసి లేవదీశాడు. తలుపు తాళం వేసి, ఆసుపత్రి వైపు నడిపించుకుంటూ వెళ్ళాడు. ల్యాబ్ ఇంకా తియ్యలేదు. ఆవిణ్ణి బల్ల మీద గోడవైపు కూచోబెట్టి, పడకుండా తను ఇవతల కూచున్నాడు.